పాత కారులో ఏసీ చల్లగా రావాలంటే: ముందు సెగ సంగతి చూడండి, గ్యాస్ సంగతి తర్వాత

మా నాయన 94లో తీసుకున్న అంబాసిడర్ ఇప్పటికీ అనంతపురంలో మా ఇంటి ముందరే ఉంది. పెట్రోల్ బండి, 1.8 ఇసుజు ఇంజిను, ఏసీ మాత్రం కంపెనీది కాదు, ఆ రోజుల్లో బయట బిగించిన యూనిట్, డ్యాష్‌బోర్డ్ కింద వేలాడుతుంటాది. నాయన పోయినాక బండి నాకొచ్చింది, అమ్మను నెలకోసారి కర్నూలుకు చెకప్‌కి తీసుకుపోయే పని కూడా నాకే వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో ఎన్‌హెచ్-44 మీద గుత్తి దాటి డోన్ వైపు పోతుంటే పొద్దున పదకొండుకే రోడ్డు మీద నుంచి సెగ కొడతాది, అద్దం దించితే వడగాలి, ఎత్తితే పొయ్యిలో కూర్చున్నట్టు. రెండు ఎండాకాలాల్లో మూడుసార్లు గ్యాస్ కొట్టించా, కొట్టించిన ప్రతిసారీ వారం పది రోజులు చల్లగా వచ్చేది, తర్వాత మళ్ళీ మామూలే, ఆ షాపులో ఒక్కసారి కూడా "అసలీ గ్యాస్ యాడికి పోతాంది" అని చూడలేదు. మూడోసారి తిరిగొస్తుంటే అమ్మ తడిగుడ్డ నెత్తి మీద వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది, అది చూసినాక ఇంక నేనే నేర్చుకోవాలని మొదలుపెట్టా. ఇప్పుడదే బండిలో బయట 42 డిగ్రీలుంటే హైవే మీద వెంట్ దగ్గర 9, 10 డిగ్రీలొస్తాది, సప్తగిరి సర్కిల్‌లో ట్రాఫిక్‌లో నిలబడితే 15 దాకా పోతాది. పాత బండికి ఇది చాలా మంచి లెక్క.

ముందు ఒక మాట బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. ఏసీ చలిని పుట్టించదు, లోపలున్న వేడిని మోసుకుపోయి బయట పారబోస్తాది. కారు లోపలుండే కూలింగ్ కాయిల్ దగ్గర ఎత్తుకుంటాది, ముందర రేడియేటర్‌కి ఎదురుగా ఉండే కండెన్సర్ దగ్గర దించుతాది, గ్యాస్ అనేది ఆ బరువు మోసే హమాలీ మాత్రమే, ఆ గ్యాస్‌ను ఒత్తి తిప్పేది ఇంజిన్ బెల్టుతో నడిచే కంప్రెసర్. దించే చోట గాలి ఆడకపోతే ఎంతమంది హమాలీలను పెట్టినా పని జరగదు, అట్లాగే ఇంజిన్ వైపు నుంచి లోపలికి సెగ వస్తూనే ఉంటే ఎంత మోసినా తరగదు. మన మెకానిక్కులు ఎక్కువమంది గ్యాస్ దగ్గర మొదలుపెడతారు, నేను చెప్పేది దానికి తలకిందులు.

ఇంకోటి, మన సీమలో ఒక లాభముంది. కోస్తా వాళ్ళది ఉక్క, మనది పొడి సెగ. విజయవాడలో కూలింగ్ కాయిల్ తన శక్తిలో చాలా భాగం గాలిలో తడిని నీళ్ళుగా మార్చడానికే ఖర్చుపెట్టాలి, అనంతపురంలో ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర, ఏప్రిల్‌లో గాలిలో తడి ఎంతుంటాదో మీకు తెలుసు, అందుకే మన కాయిల్ శక్తి దాదాపు అంతా గాలిని చల్లబరచడానికే పోతాది. కాబట్టి "ఈ ఎండలకు పాత బండి ఏసీ ఇంతేలే అన్నా" అని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మనకు శత్రువులు రెండే, నెత్తిన ఎండ, ముందర దుమ్ము.

పని మొదలుపెట్టే ముందు వైరు కొసన సూది ఉండే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, తక్కువకే దొరుకుతాది. సూదిని మధ్య వెంట్‌లో పెట్టి, బండి నీడలో నిలబెట్టి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి, పది నిమిషాల తర్వాత ఎంత వచ్చిందో, బయట ఎంతుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్కో పని అయినాక మళ్ళీ కొలవండి. చెయ్యి పెట్టి "ఆఁ చల్లగానే ఉంది" అనుకుంటే ఏ పనికి ఎంత ఫలితం వచ్చిందో ఎప్పటికీ తెలీదు.

మొదటి పని కండెన్సర్ కడగడం, దీనికి పైసా ఖర్చు లేదు. నేను గ్రిల్ విప్పి చూస్తే పైకి శుభ్రంగానే కనిపించింది, టార్చ్ వెనక నుంచి వేస్తే ఒక్క చుక్క వెలుతురు కూడా ఇవతలికి రాలేదు. కండెన్సర్‌కి రేడియేటర్‌కి మధ్య సందులో ఎర్రమన్ను, చచ్చిన పురుగులు, శెనక్కాయ పొట్టు అన్నీ కలిసి మందంగా మెత్త మాదిరి పేరుకుని ఉన్నాయి. రెండింటినీ పట్టి ఉంచే బోల్టులు వదులు చేసి కండెన్సర్‌ని ముందుకు వంచి, ఇంజిన్ వైపు నుంచి మామూలు తోట పైపుతో మెల్లగా నీళ్ళు పడితే మొదటి పది నిమిషాలు ఎర్రటి బురద కారింది, పెన్నలో వరదొచ్చినప్పటి నీళ్ళ రంగు. వాటర్ సర్వీస్ గన్ మాత్రం దగ్గర పెట్టి కొట్టనియ్యొద్దు, ఆ ఫిన్నులు అగ్గిపెట్టె అట్టకంటే పల్చన, ఒక్క దెబ్బకు మడిచిపోతాయి, మడిచిపోయినవి ఉంటే సన్న దువ్వెనతో ఓపిగ్గా నిలబెట్టుకోండి. ఆ ఒక్క కడుగుతోనే నాకు వెంట్ దగ్గర 4 డిగ్రీలు తగ్గింది. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు తిరిగే బండ్లకు నాపరాయి దుమ్ము, సిమెంట్ దుమ్ము పడతాది, అది తడిసి ఆరితే గట్టిపడతాది, మీరు ఎండాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి కడగాల్సిందే.

తర్వాత గాలి. అంబాసిడర్, పద్మిని లాంటి బండ్లకు ఫ్యాన్ ఇంజిన్ బెల్టుతో తిరిగేది, అంటే సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదిస్తే ఫ్యాన్ కూడా నెమ్మదిస్తాది, సరిగ్గా గాలి ఎక్కువ కావాల్సిన చోటే తక్కువైపోతాది. ఒక చిన్న పరీక్ష చేయండి, ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు న్యూస్‌పేపర్ ఒక షీటు కండెన్సర్ ముందర పట్టి చెయ్యి వదిలేయండి, అది అతుక్కుని నిలబడితే గాలి సరిపోతాంది, జారి కింద పడితే లేదు. నాది జారింది. కండెన్సర్ ముందర 12 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించా, ముందర పెడితే గాలిని వెనక్కి తోసే రకం, రేడియేటర్ వెనక పెడితే లాగే రకం, కొనేటప్పుడే అడిగి తీసుకోండి, కొంతమంది ఎలక్ట్రీషియన్లు వైర్లు తారుమారుగా ఇస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటాది కానీ బండి గాలికి ఎదురు ఊదుతుంటాది, బిగించినాక కాగితం పెట్టి మళ్ళీ చూసుకోండి. ఫ్యాన్‌కి ఏసీ స్విచ్ నుంచి డైరెక్టుగా కరెంటు ఇయ్యొద్దు, 30 ఆంపియర్ల రిలే (తక్కువ కరెంటుతో ఎక్కువ కరెంటును ఆన్ చేసే స్విచ్), బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, మంచి మందం వైరు, ఏసీ క్లచ్‌కి, అంటే కంప్రెసర్‌ని బెల్టుకి కలిపే పార్టుకి, కరెంటు వచ్చినప్పుడల్లా ఫ్యాన్ తిరిగేటట్టు కలపాలి. పాత బండ్లలో ఆల్టర్నేటర్ చిన్నది, రాత్రి పూట హెడ్‌లైట్లు, బ్లోయర్, క్లచ్, ఫ్యాన్ అన్నీ ఒకేసారి వేసి బ్యాటరీ మీద మల్టీమీటర్ పెట్టండి, ఐడిల్‌లో 13 వోల్టుల కిందికి దిగిపోతుంటే ఆల్టర్నేటర్ కూడా పెద్దది వేయించాల్సిందే.

ఫ్యాన్ పెట్టి ఊరుకుంటే సగమే. గాలి నీళ్ళలాంటిది, సందు దొరికితే అటే పోతాది. కండెన్సర్ చుట్టూ, రేడియేటర్ పక్కన, పైన ఉన్న ఖాళీల్లో ఫోమ్ పట్టీ గానీ రబ్బరు షీటు గానీ పెట్టి మూసేయండి, వచ్చిన గాలంతా ఫిన్నుల్లోంచే పోవాలి. ఇంజిన్ ఫ్యాన్ చుట్టూ ఉండే రేకు కవర్ చాలా బండ్లలో ఎప్పుడో టింకరింగ్ పనిలో తీసేసి మళ్ళీ పెట్టరు, అది వెతికి పెట్టించండి, లేకుంటే రేకుతో చేయించండి. ఇదే సమయంలో రేడియేటర్ కూడా చూపించుకోండి, ఎందుకంటే ఏసీ వేస్తే కండెన్సర్ వేడంతా పోయి రేడియేటర్ నెత్తిన పడతాది. థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేసి "ఇంజిన్ చల్లగా ఉంటాదన్నా" అనే అలవాటు మన దగ్గర చాలా ఉంది, అది తప్పు, సరైన వాల్వ్, మంచి క్యాప్, కూలెంట్ వేసుకోండి.

ఇప్పుడు లోపలికొచ్చే సెగ, నాకు ఎక్కువ రోజులు పట్టిన పని ఇదే, ఎవరూ పట్టించుకోని పని కూడా ఇదే. రాత్రిపూట బోనెట్ కింద లైటు వేసి, మీరు కారులో డ్యాష్ కింద తల పెట్టి చూడండి, వెలుతురు కనిపించిన ప్రతి బొక్కా సెగ వచ్చే దారి. నా బండిలో పదకొండు కనిపించాయి, స్పీడోమీటర్ కేబుల్ బొక్క, వైరింగ్ పోయే చోట రబ్బరు గ్రోమెట్ ఎండి రాలిపోయింది, పెడల్స్ దగ్గర, గేర్ రాడ్ దగ్గర, ఎప్పుడో ఏదో తీసేసి వదిలేసిన బొక్కలు. గ్రోమెట్లు కొత్తవి వేసి మిగతావి సీలెంట్‌తో మూసేశా. తర్వాత కార్పెట్ ఎత్తి తుప్పు గీకి, ఫ్లోర్‌కి, ఇంజిన్‌కి మనకు మధ్యనుండే గోడకి బ్యూటైల్ షీటు (జిగురు రబ్బరు షీటు), దాని మీద ఫోమ్ షీటు అంటించా, రూఫ్ లైనింగ్ విప్పినప్పుడు అక్కడ కూడా అదే. అంతకుముందు కర్నూలు పోయొచ్చేసరికి డ్రైవర్ కుడికాలి మడమ కాలిపోయేది, ఇప్పుడు చెప్పులు విప్పి నడపొచ్చు. డోర్ బీడింగ్ ఎండి గట్టిపడి ఉంటే మార్చేయండి, పది రూపాయల నోటు డోర్‌లో పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే ఆ చోట గాలి పోతాంది.

హీటర్ ఉన్న బండి అయితే దాని నీళ్ళ ట్యాప్ పూర్తిగా మూసుకుంటాందా లేదా చూడండి. ట్యాప్ కొంచెం లీకైనా ఇంజిన్ వేడినీళ్ళు డ్యాష్ లోపల తిరుగుతుంటాయి, ఒకపక్క ఏసీ చల్లబరుస్తుంటే ఇంకోపక్క ఇది కాస్తుంటాది. మన సీమలో హీటర్ ఎన్ని రోజులు వాడతాం చెప్పండి, రెండు పైపులనూ బయటే ఒకదానికొకటి కలిపేస్తే సరి.

ఇదంతా అయినాకనే గ్యాస్. 90ల మధ్య దాకా వచ్చిన బండ్లలో ఆర్-12 గ్యాస్ ఉండేది, ఓజోన్ పొరకు చేటని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత మెల్లగా ఆపేశారు, ఇప్పుడు మనకు దొరికేది ఆర్-134ఏ. ఈ రెంటికీ ఆయిల్ వేరు, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఆర్-12కి మినరల్ ఆయిల్, అది 134ఏలో కలవదు, గ్యాస్ తిరుగుతుంటాది కానీ ఆయిల్ ఏదో మూలన కూర్చుంటాది, కంప్రెసర్ ఎండి పట్టేస్తాది. అందుకని మార్చేటప్పుడు కంప్రెసర్ విప్పి పాత ఆయిల్ మొత్తం ఒంపేసి, కాయిల్సు, పైపులు ఫ్లషింగ్ చేయించి, 134ఏకి పనికొచ్చే ఎస్టర్ ఆయిల్ గానీ పాగ్ ఆయిల్ గానీ కంప్రెసర్ లేబుల్ మీద చెప్పినంతే పోయాలి. పాత ఆయిల్ తడి కొంచెం మిగిలినా ఎస్టర్ సర్దుకుంటాది, పాత బండ్లకు నా ఓటు దానికే. జాయింట్లలో ఉండే రబ్బరు ఓరింగులన్నీ 134ఏకి పనికొచ్చే ఆకుపచ్చవి వేయించండి, డ్రయర్, అంటే సిస్టమ్ లోపలి తడి పీల్చే డబ్బా, కొత్తది తప్పనిసరి, సిస్టమ్ విప్పిన ప్రతిసారీ మార్చాలి, "పాతదే బాగుందన్నా" అంటే ఒప్పుకోవద్దు, దాని లోపలి గుళికలు ఒకసారి గాలిలో తడి పీల్చుకున్నాయంటే ఇంక పని చేయవు. ఇంకా ఆర్-12 మిగిలున్న బండి అయితే గాలిలోకి వదలకుండా రికవరీ మెషిన్ ఉన్న చోట తీయించండి.

134ఏ హై సైడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి పోయే వైపు ఒత్తిడి, మన ఎండలకు ఆర్-12 కంటే ఎక్కువ పోతాది, పాత రకం పైపు కండెన్సర్ దానికి తట్టుకోలేదు. చేతిలో డబ్బులుండి ఒకే ఒక్క పార్టు మార్చగలిగితే కండెన్సర్ మార్చండి, సన్న గొట్టాలు పక్కపక్కన ఉండే ప్యారలల్ ఫ్లో రకం, ముందర పట్టినంత పెద్దది. నాకు ట్రాఫిక్‌లో కూలింగ్ నిలబడింది దీనివల్లనే.

లీకు పట్టడం. గ్యాస్ నింపి లీకు వెతకడం దండగ, నైట్రోజన్ సిలిండర్‌కి రెగ్యులేటర్ పెట్టి 150 పీఎస్‌ఐ ఎక్కించి సబ్బు నీళ్ళు పూయాలి. టైర్ల కంప్రెసర్ గాలి వద్దు, అందులో తడి ఉంటాది, ఆక్సిజన్ అయితే ఎట్టి పరిస్థితుల్లో వద్దు, ఆయిల్‌తో కలిస్తే పేలుతాది. షాంపూ నీళ్ళు చిక్కగా కలిపి బ్రష్‌తో ప్రతి జాయింట్‌కీ పూసి, తొందరపడకుండా ఒక్కోదాని దగ్గర రెండు నిమిషాలు చూస్తూ కూర్చోవాలి. నాది పైపు జాయింట్లన్నీ బాగున్నాయి, కంప్రెసర్ ముందర క్లచ్ ప్లేటు వెనక, షాఫ్ట్ బయటికొచ్చే చోట, ఆవగింజంత బుడగ పుట్టి, పెరిగి, పగిలి, మళ్ళీ పుట్టింది. షాఫ్ట్ సీలు పోయింది, రెండేళ్ళు నా డబ్బులు పోయిన దారి అదే. సీలు కిట్టు వేయించి రాత్రంతా నైట్రోజన్ పట్టి ఉంచితే పొద్దునకి గేజి ముల్లు కదల్లేదు.

వ్యాక్యూమ్, అంటే గ్యాస్ నింపే ముందు పంపుతో లోపలి గాలి, తడి లాగేయడం, ఆ విషయంలో గట్టిగా ఉండండి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో పది నిమిషాలు లాగి "అయిపోయిందన్నా" అంటారు, సరిపోదు. మంచి టూ స్టేజ్ పంపుతో కనీసం 45 నిమిషాలు లాగి, వాల్వులు మూసి, పంపు ఆపి ఇంకో అరగంట ముల్లు చూడాలి. అనంతపురం దగ్గర దగ్గర 1100 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి సముద్రం ఒడ్డున చూపించేదానికంటే గేజి ఒక అంగుళం తక్కువే చూపిస్తాది, 28 దాటి నిలబడితే చాలు, కంగారు పడొద్దు, ముల్లు వెనక్కి రాకపోవడం ముఖ్యం. లోపల తడి మిగిలితే ఏమవుతుందంటే, పదిహేను ఇరవై నిమిషాలు చల్లగా వచ్చి ఆ తర్వాత ఉత్త గాలి వస్తాది, కాసేపు ఆపి వేస్తే మళ్ళీ చల్లన, నీటి చుక్క ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ను కొద్దికొద్దిగా వదిలే సన్న దారి) దగ్గర గడ్డకట్టి దారి మూస్తాంది అన్నమాట.

గ్యాస్ సీల్ ఉన్న డబ్బాలే కొనండి, 450 గ్రాములవి దొరుకుతాయి, రీఫిల్ సిలిండర్లలో ఏం కలిపారో మనకు తెలీదు, వంటగ్యాస్ రకం కలిపినవి చల్లగానే ఉంటాయి కానీ లీకైతే మండుతాయి, ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టే బండిలో అది వద్దు. కళ్ళద్దాలు, గ్లౌజులు వేసుకోండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు గేజి సెట్టులో నీలం రంగు లో సైడ్ (గ్యాస్ కంప్రెసర్‌కి తిరిగొచ్చే వైపు) నుంచే, డబ్బా నిలువుగా పట్టుకుని ఎక్కించాలి, ఎర్ర రంగు హై సైడ్ వాల్వ్ తెరిచారంటే ప్రెషర్ వెనక్కి తన్ని డబ్బా పేలుతాది. ఎంత ఎక్కించాలంటే, ఆర్-12 ఎంత పట్టేదో లేబుల్ ఉంటే దాంట్లో 80 నుంచి 85 శాతం, లేకుంటే మెల్లమెల్లగా ఎక్కిస్తూ వెంట్ థర్మామీటర్ చూడండి, దిగడం ఆగి మళ్ళీ పైకి తిరిగిందంటే ఎక్కువైంది. పైన చెప్పిన 1500 ఆర్‌పీఎమ్ దగ్గర, బయట 40 డిగ్రీలుంటే లో సైడ్ 30 నుంచి 40, హై సైడ్ 230 నుంచి 270 పీఎస్‌ఐ ఉంటే బాగున్నట్టు, 300 దాటితే ఆపేసి గాలి సంగతి మళ్ళీ చూడండి. డ్రయర్ మీద గాజు కన్నులో బుడగలు పూర్తిగా పోయేదాకా నింపడం ఆర్-12 కాలం అలవాటు, 134ఏకి అట్లా చేస్తే ఎక్కువైపోతాది.

గేజి చదవడం కూడా కష్టమేం కాదు. రెండూ తక్కువుంటే గ్యాస్ తక్కువ, రెండూ ఎక్కువుంటే కండెన్సర్‌కి గాలి లేదు లేదా గ్యాస్ ఎక్కువైంది, లో ఎక్కువుండి హై తక్కువుంటే కంప్రెసర్ అరిగింది, లో సైడ్ వ్యాక్యూమ్‌లోకి జారిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది. ఆ వాల్వ్‌కి సన్న రాగి తీగ మాదిరి ఒక గొట్టం, దాని కొసన బల్బు ఉంటాది, అది కూలింగ్ కాయిల్ బయటికొచ్చే పైపుకి గట్టిగా ఆనుకుని, మీద టేపు చుట్టి ఉండాలి. విప్పి బిగించినప్పుడు చాలామంది దాన్ని ఊరికే వేలాడదీస్తారు, దాంతో వాల్వ్ ఎప్పుడు ఎంత తెరవాలో దానికి తెలీకుండా పోతాది.

కార్బురేటర్ బండ్లకు ఇంకో చిన్న పార్టు, ఐడిల్ అప్ అంటారు, ఏసీ వేయగానే వ్యాక్యూమ్‌తో యాక్సిలరేటర్ కొంచెం లాగి ఇంజిన్ ఆగిపోకుండా పట్టుకుంటాది. చాలా బండ్లలో దాని పైపు ఊడిపోయి ఉంటాది, పెట్టించి ఏసీతో 900, 1000 మధ్య నిలబెట్టండి. పద్మిని వాళ్ళకు ఒక మాట, మీది 1089 సీసీ ఇంజిను, దానికి పెద్ద కంప్రెసర్ తగిలిస్తే గుట్ట ఎక్కలేదు, చిన్న కంప్రెసర్ వేసి, మిగిలిన డబ్బులు ఫోమ్ షీటుకి, కండెన్సర్‌కి పెట్టండి.

వాడేటప్పుడు, ఎండలో నిలిపిన బండి ఎక్కగానే ఏసీ వేసి అద్దాలు మూసేయొద్దు, లోపల గాలి బయటికంటే చాలా వేడిగా ఉంటాది, రెండు నిమిషాలు నాలుగద్దాలూ దించి నడిపి ఆ సెగ పోనిచ్చి తర్వాత మూయండి, బయటి గాలి వచ్చే ఫ్లాప్ ఉంటే అది కూడా మూసేయండి. నల్ల ఫిల్మ్ 2012లో సుప్రీం కోర్టు వద్దనింది కాబట్టి దాని జోలికి పోకుండా, నిలిపినప్పుడు ముందద్దానికి వెండి రంగు షేడ్ పెట్టుకోండి. చలికాలంలో ఏసీ అవసరం లేదని నెలల తరబడి మూసిపెట్టకుండా వారానికి ఒకసారి పది నిమిషాలు వేయండి, ఆయిల్ తిరగకపోతే ఆ షాఫ్ట్ సీలే ముందు ఎండుతాది. నేను ప్రతి ఆదివారం పొద్దున్నే ఉగ్గాని తెచ్చేటప్పుడు వేసుకుని పోతా.